మిట్ట వెనుక నీళ్లు

సుంకప్ప కల్లూరులో కొత్తగా కట్టే ఇళ్లకు ట్యాంకర్‌తో నీళ్లు తోలుతాడు. ఆ ఎండాకాలం ఇంజనీరు మునీంద్ర అతన్ని పిలిచి, ముఖ్యమంత్రి కాలువకు నీళ్లు వదలడానికి వచ్చే రోజు ట్యాంకర్‌ను ఒక మిట్ట వెనుక నిలపాలన్నాడు. అది సుంకప్ప సొంతూరి మిట్టే. ఆ కాలువకు నీళ్లెక్కించే ఎత్తిపోతల మోటార్లు కాలిపోయి ఏడాదైంది. ఆ సంగతి పైవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

"సారు బటన్ నొక్కతానే నేను ఫోన్ కొడతా. నువ్వు వాల్వు తిప్పి కాలువలోకి నీళ్లు వదలాల. అంతే."

"మోసం గదా సార్?"

"మోసం కాదప్పా, ఏర్పాటు. నోరు తెరిస్తే జిల్లాలో యాడా నీ బండి తిరగదు."

సుంకప్ప ఒప్పుకున్నాడు. సభలో ముందు వరుసలో అక్క హంపమ్మ బిందె పట్టుకుని కూర్చుందని తెలిశాక మాత్రం ఎందుకు ఒప్పుకున్నానా అనుకున్నాడు.

ఫోన్ మోగింది. వాల్వు తిప్పాడు. మిట్టకు అవతల ఈలలు, చప్పట్లు. మైకులో ముఖ్యమంత్రి గొంతు ఉప్పొంగింది. "ఈ నీళ్లు యాడ పుడతాండాయో నేనే చూస్తా!"

"అటు తేనెటీగలున్నాయి సార్," అంటున్నాడు మునీంద్ర.

అడుగుల చప్పుడు మాత్రం దగ్గరికే వచ్చింది. ముఖ్యమంత్రి మలుపు తిరిగి ట్యాంకర్‌ను చూసి ఆగిపోయాడు. వెంటవచ్చిన కార్యదర్శి ఏమాత్రం తడుముకోలేదు.

"కాలువలో నీళ్లు ఎక్కువయ్యాయి సార్. మిగిలినవి ట్యాంకర్‌కు ఎక్కిస్తున్నాం."

ముఖ్యమంత్రి పైపు వంక చూసి, సుంకప్ప వైపు తిరిగాడు. "ఏమప్పా, నీళ్లు లోపలికి పోతాండాయా, బయటికొస్తాండాయా?"

మునీంద్ర కళ్లతోనే బెదిరించాడు. జనంతో పాటు హంపమ్మ కూడా మిట్ట ఎక్కి చూస్తోంది. సుంకప్ప ఆమె ముఖం చూశాడు.

"బయటికే సార్. కల్లూరు నుంచి తెచ్చినా. మోటార్లు కాలిపోయి శానా కాలమాయ."

ముఖ్యమంత్రి మెల్లగా అడిగాడు. "కెమెరాలు?"

"వేదిక దగ్గరే ఆపేశాం సార్," అన్నాడు కార్యదర్శి.

ఆయన ఊపిరి వదిలి, నేరుగా మైకు దగ్గరికి నడిచాడు. "ఈరోజు నుంచి ఈ ఊరికి దినమూ నీళ్లొస్తాయి. ఒక్కదినం ఆగినా, ఈ అధికారులు ఇంటికి పోతారు!"

కార్యదర్శి ముఖం పాలిపోయింది. మరుసటి రోజు నుంచి మునీంద్రే తెల్లవారకముందే ట్యాంకర్లు వరుసగా పంపించాడు. సుంకప్ప బండిని ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సొంతూరినే మోసం చేయబోయాడని హంపమ్మ మాత్రం కొన్నాళ్లు తమ్ముడితో మాట్లాడలేదు.

ఏడాదిగా దొరకని మోటార్ల సామాన్లు నెల తిరక్కుండానే దొరికాయి. సభ లేదు, బటన్ లేదు. ఒక మధ్యాహ్నం కాలువలో నీళ్లు వాటంతటవే వచ్చాయి. కల్లూరులో ఉన్న సుంకప్పకు అక్క నుంచి ఫోన్ వచ్చింది.

"ఒరే, నువ్వు యాడుండావు?"

"కల్లూరులో అక్కా. ఏమాయ?"

"ఏం లేదులే," అని హంపమ్మ గట్టిగా నవ్వింది. "మిట్ట వెనకాల లేవు గదా, అది చాలు."