ఏం పోతుందో కూడా రాయాలి

సారు పోయారని ఆయన భార్యే ఫోన్ చేసి చెప్పారు. నేను అప్పుడే కోకాపేటలో బస్సు దిగి ఆఫీసు వైపు నడుస్తున్నాను. "మీ సారు ఇగ లేడు బిడ్డా. పొద్దుగాలనే పోయిండు. మీ ఆఫీసోళ్లకు నువ్వే చెప్పు" అన్నారు. ఆమె గొంతు మామూలుగానే ఉంది. పైకి వెళ్లి టీములో చెప్పాను. చాలాసేపు ఎవరూ కంప్యూటర్ తెరవలేదు.

సారు మా టీముకు పెద్ద. మేం చేసే పని ఏమిటో ఊళ్లో చెబితే ఇదీ ఒక పనేనా అంటారు. ఏఐ ఏజెంటు అంటే మనం అడిగిన పనిని తనంతట తాను చేసిపెట్టే ప్రోగ్రాం. దానికి కొన్ని టూల్స్ ఇస్తారు. ఒకటి ఖాళీలు చూస్తుంది, ఒకటి బుక్ చేస్తుంది, ఇంకొకటి రద్దు చేస్తుంది. ఏ టూల్ దేనికో నాలుగు వాక్యాల్లో రాసిపెట్టాలి. ఏజెంటు ఆ వాక్యాలు చదివి ఏది వాడాలో తేల్చుకుంటుంది. ఆ వాక్యాలు రాయడమే మా ఉద్యోగం.

దీనికి ముందు ఆయన బాలానగర్‌లో ఒక కార్ఖానాలో పనిచేశారు. రేకులు వంచే ప్రెస్సులను ఎలా వాడాలో కూలీలకు రాసిపెట్టేవారు. 'ఈ బటన్ నొక్కిన ప్రెస్సు దిగును' అని అక్కడ పాత బోర్డు ఉండేదట. "అబద్ధమైతే కాదు. నొక్కితే దిగుతది. చెయ్యి తీసినంక నొక్కుమని మాత్రం ఎవడూ రాయలే" అనేవారు. ఎవరి చెయ్యి పోయిందో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

టూల్స్ గురించి మేం ఇంగ్లీషులో రాసిన ప్రతి వివరణనూ మా చేత తెలుగులో చెప్పించేవారు. చెప్పలేకపోతే మాకే అర్థం కాలేదని లెక్క. ఆ తర్వాత కుర్చీ ఆట. ఒకరు స్క్రీనుకు వీపు పెట్టి కూర్చోవాలి. చేతిలో వివరణల కాగితం తప్ప ఏమీ ఉండకూడదు. వాళ్లే ఏజెంటు. సారు ఏదో ఒకటి అడిగితే, కాగితాన్ని బట్టే ఏ టూల్ వాడతారో చెప్పాలి. టీములోని భీమవరం అమ్మాయి ఒకరోజు విసిగిపోయి, "సార్, అది ఏఐ అండి, మీ మేనత్త కాదు. ఇంత విడమరిచి చెప్పక్కర్లేదండి" అంది.

సారు నవ్వారు. "మా మేనత్తయితే సమజ్ కాకుంటే తిట్టి మరీ అడుగుతది తల్లీ. ఇది అడగదు, చేసేస్తది. గదే నా ఫికర్."

ఆయన కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు పొద్దున్నే డయాలసిస్ చేయించుకుని, వాడిన మొహంతో మధ్యాహ్నానికి ఆఫీసుకు వచ్చేవారు. నీళ్లు కూడా కొలిచి తాగాలి. అయినా మేం చాయ్‌కి దిగితే తోడు వచ్చేవారు. "మీరు తాగుండ్రి, నేను వాసన పీలుస్త" అని మా గ్లాసుల పక్కన నిలబడేవారు.

పోయిన వానాకాలం ఒక ఆస్పత్రి పని వచ్చింది. డయాలసిస్ రోగులు ఫోన్ చేస్తే వాళ్ల సమయాలు చూసుకునే ఏజెంటు. మర్నాడు అప్పగించాలనగా సారు కుర్చీ ఆట పెట్టారు. ఆ రోజు కుర్చీలో నేను కూర్చున్నాను. రోగిలా అడిగేది సారే.

"రేపు పొద్దున నా టైం బిడ్డా. సాయంత్రానికి మార్చుకునే వీలున్నదా, జర చూడు."

కాగితంలో 'రోగి సమయాన్ని మారుస్తుంది' అని ఒక టూల్ ఉంది. అది వాడతానన్నాను. భీమవరం అమ్మాయి స్క్రీను మీద ఉత్తుత్తి వివరాలతో దాన్ని నడిపి చూసింది.

"పాత టైం వదిలేసిందండి. సాయంత్రం ఖాళీ లేదంటోంది."

"మరి పొద్దుగాలది?"

"అది వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి వెళ్లిపోయిందండి."

సారు, "అడిగిన పాపానికి ఉన్నది పాయె. ఇప్పుడు రేపు నేను ఏడికి పోవాలె?" అన్నారు. అది ఆటలో మాటలా వినిపించలేదు. ఒక్క విడత తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదని ఆయనకు తెలుసు.

సారు పని ఆపారని తెలిసి మేనేజరు వచ్చాడు. "ఆ టూల్ కోడ్ ఆస్పత్రి వాళ్లది, మనం ముట్టుకోలేం. ఒక్క లైను కోసం రేపటిది ఆపుతారా సార్?"

"కోడ్ వాళ్లది, మాట మనది. ఏం చేస్తదో రాసినం, ఏం పోతదో రాయలే. అది రాసేదాక ఇయ్యను."

"క్లయింటు అరుస్తాడు."

"నా నంబరియ్యి. రేపు పొద్దున డయాలసిస్‌కు నాలుగు గంటలు మంచంల పండుకొనే ఉంట. తీరిగ్గ వింట."

ఆ వివరణ సారే రాశారు. 'ఈ టూల్ ముందు పాత సమయాన్ని వదిలేసి, తర్వాత కొత్తది వెతుకుతుంది. కొత్తది దొరకకపోతే పాతది తిరిగి రాదు. రోగి వీలుందా అని అడిగినప్పుడు దీన్ని వాడకూడదు. ఖాళీలు చూసే టూల్ వాడాలి. కొత్త సమయం ఉందని చూసి, రోగి సరేనన్నాకే దీన్ని వాడాలి.' మళ్లీ కుర్చీ తిప్పాం. ఒక్కొక్కరం కూర్చున్నాం. ఎవరు కూర్చున్నా రోగి సమయం రోగికే మిగిలింది. పని ఒకరోజు ఆలస్యంగా వెళ్లింది. క్లయింటు నిజంగానే అరిచాడట. "గొంతు మంచిగున్నది" అన్నారు సారు.

దినాలయ్యాక ప్రగతి నగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. డయాలసిస్ సెంటరులో సారు దుప్పటి ఉండిపోయిందని, తెచ్చుకుందాం రమ్మని ఆయన భార్య అడిగారు. ఇద్దరం ఆటోలో వెళ్లాం. నర్సు దుప్పటి మడతపెట్టి ఉంచింది. సారుది కిటికీ పక్క మంచం. దాని మీద ఎవరో నడివయసు ఆడమనిషి నిద్రపోతోంది.

"ఖాళీగ ఉంచలే. మంచిగైంది" అన్నారు సారు భార్య, దుప్పటి చంకన పెట్టుకుంటూ.

మంచం పక్కన ఆ నిద్రపోతున్నావిడ భర్త స్టూలు మీద కూర్చున్నాడు. భార్య చెప్పులు ఒళ్లో పెట్టుకుని, యంత్రం తిరుగుతున్న వైపే చూస్తున్నాడు.