రాయగడ రైలు దిగిన తడి దుప్పటి

అరవైల చివర్లో ఒక ఆషాఢం. బొబ్బిలి స్టేషన్ బెంచీ మీద నేనూ నా మిత్రుడూ మర్నాటి సంగతి మాట్లాడుకుంటున్నాం. తోటపల్లి దగ్గర అరటిబోదెల తెప్ప ఎక్కి, కోడి ఈకలు కట్టిన గాలాలతో చేపలు పడుతూ, రాయగడ కొండల నుంచి దిగివచ్చే నాగావళి మీద సాయంత్రానికి పాలకొండ చేరాలి. ఎండ చుర్రుమంటోంది.

రాయగడ రైలు దిగిన ఒక ముసలమ్మ మా పక్కనే నిలబడి, తడిసి బరువెక్కిన దుప్పటిని పిండింది. నీళ్ళు మా చెప్పుల దాకా పారాయి.

“బాబూ, రేపు ఏట్లో దిగకండి. మా కొండల్లో నిన్నటి నుంచి ఒకటే వాన. నాను రైల్లో వచ్చినాను, ఆ నీరు ఎనకాల వస్తన్నాది,” అంది.

మిత్రుడు నవ్వాడు. నేను దుప్పటి వంక చూసి, రేపు వెళ్ళొద్దులే అని వాడితో అన్నాను.

మర్నాడు అదే ఎండలో, గట్టున కట్టి ఉంచిన మా తెప్పను ఏరు తాడుతో సహా తీసుకుపోయింది.

ఇప్పటికీ ఎండలో ఎవరైనా తడిబట్టలతో రైలు దిగితే, లేచి చోటిస్తాను.