సర్వర్‌కు మొక్కిన కోడి

నేను చూసుకునే యూనిక్స్ మిషన్ ఇన్నేళ్ళలో తనంతట తాను ఒక్కసారి కూడా పడిపోలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఎల్లారెడ్డి వైపు చెరుకు వేసేవాళ్ళలో ఎవరిని కదిపినా అది ఎప్పుడూ మంచం మీదే ఉంటుందని చెబుతారు. ఒక పెళ్ళి బంతిలో నా పక్కన కూర్చున్న రైతు, నేనెవరో తెలిశాక, విస్తరిలోంచి తలెత్తి, "మీ సర్వర్‌కు ఏం రోగమమ్మా, సీజన్ రాంగనే పండుకుంటది?" అని అడిగాడు. ఆ పూట బగారన్నం సగంలోనే వదిలేసి లేచాను.

నా ఉద్యోగం కామారెడ్డిలో, ఒక చెరుకు ఫ్యాక్టరీ ఆఫీసులో. ఫ్యాక్టరీ పేరు చెప్పను. చెబితే నోరు పుక్కిలించుకోవాలి. మిషన్ పాతది. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, మౌసు లేదు, బొమ్మలు లేవు, ఏం చేయాలన్నా కమాండు కొట్టాల్సిందే. తూకాల ప్రోగ్రాం దాని మీదే పుట్టింది. రాసినాయన రిటైరై వెళ్ళిపోయాడు. దాన్ని కదిలించే ధైర్యం ఎవరికీ లేదు. కొత్తగా చేరినవాళ్ళు దాన్ని చూసి నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళ ల్యాప్‌టాప్‌లు వారం వారం మూర్ఛపోతాయి, నాది పోదు.

చెరుకు ట్రాక్టర్లను తూచే కాటాలు మాకు కామారెడ్డిలో ఒకటి, ఎల్లారెడ్డిలో ఒకటి, ఇంకా బీబీపేటలో, మహమ్మద్‌నగర్‌లో ఉన్నాయి. ఒక్కో కాటా గదిలో ఒక తెర, ఒక కీబోర్డు. అక్కడి నుంచి మోడెం మీదుగా ఒక లైను నా మిషన్‌కు వస్తుంది. లైను వచ్చి చేరే చోటును పోర్టు అంటారు. ప్రతి పోర్టు దగ్గరా మిషన్ లోపల ఒక కాపలా ప్రోగ్రాం కూర్చుని ఉంటుంది. దాని పేరు పోర్ట్ మానిటర్. అవతలి మనిషి ఎంటర్ కొట్టగానే, ఎవరు నువ్వు అని పేరు అడిగి లోపలికి పంపడం దాని పని. ఈ కాపలాదార్లందరి మీద ఒక జమేదారు కూడా ఉంటాడు. sacadm -l అని కొడితే కాపలాదార్లలో ఎవరు మేలుకుని ఉన్నారో చెబుతాడు. pmadm -l అని కొడితే ఏ తలుపు తెరిచి ఉందో, ఏది మూసి ఉందో కనిపిస్తుంది. మూసినదాని వరసలో చిన్న x గుర్తు ఉంటుంది. అదే కమాండులో -d పెడితే తలుపు మూసుకుంటుంది, -e పెడితే తెరుచుకుంటుంది. నేను కుర్చీలోంచి లేవకుండా ఒక ఊరి కాటాను ఆపగలను, నడపగలను.

సీజన్‌లో అప్పుడప్పుడు చెరుకు మేనేజర్ ఫోన్ చేసేవాడు. "మేడం, ఎల్లారెడ్డి లైన్ జర బంద్ పెట్టుండ్రి. రిపేరోళ్ళు వస్తున్నరు." లైను మీద పని జరిగేముందు పోర్టు మూయడం మా పద్ధతే. మూసేదాన్ని. మళ్ళీ ఫోన్ వస్తే తెరిచేదాన్ని. పెళ్ళిలో ఆ రైతు మాట విన్న తర్వాత మాత్రం మనసు ఊరుకోలేదు. ఇన్నిసార్లు రిపేరయ్యే లైను ఎలాంటిదో కళ్ళారా చూద్దామనుకున్నాను. మరోసారి ఫోన్ వచ్చినప్పుడు పోర్టు మూసేసి, తెరవమన్న ఫోన్ ఇంకా రాకపోవడంతో మర్నాడు పొద్దున సంచిలో స్క్రూడ్రైవరూ టెస్టరూ వేసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను.

కాటా ముందు చెరుకు ట్రాక్టర్లు రోడ్డు మలుపు దాకా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు ట్రాలీల నీడలో పడుకున్నారు. రిపేరువాళ్ళు ఎక్కడా లేరు. మోడెం దీపాలు చక్కగా వెలుగుతున్నాయి. లైను పట్టి చూశాను, భేషుగ్గా ఉంది. నా స్క్రూడ్రైవరుకు అక్కడ పనే లేదు.

కాటా గదికి ఒక కిటికీ ఉంది. రైతు ఎవరైనా వచ్చి అడిగితే గుమాస్తా నోరు విప్పడు. తెరను రెండు చేతులా పట్టుకుని కిటికీ వైపు తిప్పి చూపిస్తాడు. రైతు చూస్తాడు, తల ఊపుతాడు, వెళ్ళిపోతాడు. మనిషి మాట నమ్మనివాళ్ళు కూడా తెరను నమ్ముతారు, అది అక్కడి అలవాటు. తెర మీద ఇంగ్లీషులో 'సర్వర్ డౌన్' అని ఉంది. మూసిన పోర్టుకు అవతల కనిపించే మాట అది. ప్రోగ్రాం రాసినాయన ఎప్పుడో పెట్టి వెళ్ళాడు. ఇన్నేళ్ళుగా నా మిషన్ పేరు మీద ఆ మాట ఊరంతా తిరుగుతోందని నాకు అప్పుడే తెలిసింది.

"రిపేరువాళ్ళు ఏరి?" అని గుమాస్తాను అడిగాను.

అతను నా సంచి చూసి నవ్వాడు. "ఏం రిపేర్ అక్కా? లైన్‌కు ఏమైంది? మిల్లు ఆగింది. మా కాటా చెరుకు పిండే రోలర్లల్ల ఇనుప ముక్క పడ్డదట. మిల్లు బాగైతెనే కాటా."

"మిల్లు ఆగితే మిల్లు ఆగిందని చెప్పొచ్చు కదా."

"చెప్తె ఊకుంటరా అక్కా? కాటా పెట్టి దించుకోమంటరు. సర్వర్ డౌన్ అంటె ఎవ్వలు ఏమనరు."

చెరుకు సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. కాటా ఎక్కేదాకా చెరుకు రైతుది. తూకం సిస్టంలో పడ్డ క్షణం నుంచి ఫ్యాక్టరీది. కోసిన చెరుకు పూటపూటకూ ఎండి తేలికవుతుంది. మరీ ఎండితే ఫ్యాక్టరీ వద్దని తిప్పి పంపుతుంది. మిల్లు ఆగి ఉన్నప్పుడు తూకం వేస్తే ఆ ఎండడం ఫ్యాక్టరీ నెత్తిన పడుతుంది, తూకం ఆపితే రైతు నెత్తిన పడుతుంది. ఫ్యాక్టరీతో అయితే కొట్లాడొచ్చు. సర్వర్‌తో ఎవరు కొట్లాడతారు? దాన్ని వాళ్ళు వడగండ్ల వాన లెక్క తీసుకుని నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చుంటారు. ఆడలేక మద్దెల ఓడన్నాడట. ఇక్కడ ఆ మద్దెల నా మిషన్.

నాకు రోత పుట్టింది. కోపం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది రోతే. కుళ్ళిన టమాటాల గంపలో తెలియక చెయ్యి పెట్టినట్టు, చేతులు కడుక్కోవాలనిపించింది. గుమాస్తా ఇచ్చిన చాయ్ తాగకుండా బయటికి వచ్చేశాను.

వరసలో మొదటి ట్రాక్టర్ ఒక అవ్వ కిరాయికి తెచ్చుకున్నది. ఆమెది ఎల్లారెడ్డి అవతల ఒక చిన్న పల్లె. చెరుకు కోసిన మహారాష్ట్ర కూలీలు కోత అయిపోగానే ఇంకో పొలానికి వెళ్ళిపోయారు. ఆమె ఏడాది పంట మొత్తం ఆ ట్రాలీలోనే ఉంది, నిన్నటి నుంచి ఎండలోనే ఉంది. చెరుకు మీద గోనెసంచులు పరిచి, బోరింగు నుంచి బిందెతో నీళ్ళు మోసుకొచ్చి, చక్రం మీద కాలు పెట్టి ఎక్కి వాటి మీద పోస్తోంది. పోసిన నీళ్ళు పోసినట్టే ఆరిపోతున్నాయి. పైవరస గడలు అప్పటికే వడలిపోయాయి.

నన్ను చూసి కిందికి దిగింది. గుమాస్తా చెప్పినట్టున్నాడు. "నువ్వేనా బిడ్డా మిషన్ చూసేది? ఎట్లున్నది దాని పానం?"

ఆమె చేతిలోని ఖాళీ బిందె అందుకున్నాను.

"నిన్న మైసమ్మకు మొక్కిన బిడ్డా," అంది అవ్వ, చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ. "మిషన్ లేసి కూసుంటె కోడిని కోస్త తల్లీ అన్న. నాకున్నయి రెండు కోళ్ళు. అండ్ల పుంజును మొక్కిన. ఇగ నువ్వు గూడ వస్తివి, బాగైతది తియ్."

"అవ్వా, మిషన్‌కు ఏం కాలేదు. అది మంచిగనే ఉన్నది. కావాల్నని ఆపిండ్రు."

అవ్వ నా వైపు జాలిగా చూసింది. నా మిషన్ మీద నాకున్న మమకారం అనుకుందేమో. "గట్లనకు బిడ్డా. గాడ రాసి ఉన్నది గదా," అని కిటికీలోని తెరను చూపించింది. ఆమెకు చదువు రాదు. అయినా ఆ తెర ముందు నా మాట చెల్లలేదు.

కామారెడ్డి చేరి, సంచి కూడా దించకుండా మేనేజర్ గదికి వెళ్ళాను. బల్ల మీద కాళ్ళు చాపుకుని బిస్కెట్టు చాయ్‌లో ముంచుతున్నాడు. "సార్, లైను బాగుంది, మిషన్ బాగుంది. పోర్టు తెరుస్తున్నాను," అన్నాను.

"అయ్యో, తెరవకుండ్రి మేడం. మిల్లు రేపు గూడ నడుస్తదో నడవదో. జర సమజ్ చేసుకోండ్రి."

"అయితే మిల్లు ఆగిందని వాళ్ళకు చెప్పండి."

"రైతులకు గవన్ని ఎందుకు మేడం? మిషన్ మీద పడేస్తె ఎవ్వలకు బాధ లేదు. దానికి సిగ్గుంటదా, శరముంటదా?"

సిగ్గు గురించి మాట్లాడుతున్నది ఆ మనిషి. బిస్కెట్టు సగం తెగి కప్పులో పడితే, అయ్యో అని దాన్ని చెంచాతో వెతుక్కున్నాడు. ఎల్లారెడ్డి ట్రాలీలో ఎండుతున్న పంటకు రాని అయ్యో, ఆ బిస్కెట్టు ముక్కకు వచ్చింది. ఛీ అనిపించింది. ఆ గదిలో నిలబడ్డందుకు నా మీద నాకే ఛీ అనిపించింది.

"సరే, మూసే ఉంచుతాను. తెర మీద ఏం రావాలి మరి?" అని అడిగాను.

"ఏదో ఒకటి రాసుకోండ్రి. అది మీ కంప్యూటర్ ముచ్చట, నాకేం ఎరుక?" అన్నాడు, కప్పులోంచి తల ఎత్తకుండానే.

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. మూసిన పోర్టు ఏ మాట చూపించాలన్నది కూడా మన చేతిలోనే ఉంటుంది. ttyadm అనే కమాండులో -i పెట్టి, పక్కన మనకు కావలసిన మాట రాయాలి. అయితే పాత మాట మీద కొత్త మాట రాసే వీలు లేదు. ఎల్లారెడ్డి సర్వీసును pmadm -r తో పూర్తిగా తీసేసి, కొత్త మాటతో pmadm -a కొట్టి మళ్ళీ చేర్చాలి. తీసేశాను, చేర్చాను. మేనేజర్ చెప్పినట్టే -d పెట్టి మూసే ఉంచాను. ఆయన మాట జవదాటలేదు. ఏదో ఒకటి రాయమన్నాడు, రాశాను. ఆ తెరకు తెలుగు రాదు కాబట్టి తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను: "సర్వర్ బాగుంది. మిల్లు ఆగింది. కాటా ఆపమన్నది చెరుకు మేనేజర్." చివరన అతని ఆఫీసు ఫోన్ నంబరు కూడా చేర్చాను.

మర్నాడు పొద్దున గుమాస్తా ఫోన్ చేశాడు. "అక్కా, ఏం రాసినవక్కా! నేను సదవనే లేదు. ఎప్పటి లెక్కనే తిప్పి చూపిచ్చిన!"

అక్కడ జరిగింది అతనే చెప్పాడు. తెర తిప్పగానే అవ్వ ట్రాక్టర్ డ్రైవరు దాన్ని గట్టిగా చదివాడట. ఇంకోసారి చదవమన్నారట. మూడోసారికి ట్రాలీల నీడలో పడుకున్నవాళ్ళంతా లేచి కిటికీ దగ్గరికి వచ్చారట. నేను నోటితో చెబితే నమ్మనిది, తెర మీద చూసి నమ్మారు. ఎవరి ఫోన్ వాళ్ళు తీసి ఆ నంబరు కొట్టడం మొదలుపెట్టారు. ఇవతల మేనేజర్ గదిలో ఫోన్ మోగుతూనే ఉంది. గోడకు ఇవతల కూర్చుని నేను విన్నాను. కొంతసేపటికి అతను తలుపు తోసుకుని వచ్చాడు. మొహం వంకాయలా ఉంది. నన్ను తిట్టాలని ఉంది, కానీ నన్ను పంపిస్తే ఆ మిషన్ ముందు కూర్చునేవాళ్ళు లేరని అతనికి తెలుసు. "తెరువుండ్రి," అన్నాడు. అంతే అన్నాడు.

pmadm -e కొట్టాను. జాబితాలో x గుర్తు పోయింది. ఎల్లారెడ్డి నుంచి గుమాస్తా తన పేరు కొట్టి మిషన్ లోపలికి వచ్చాడు. మొదట పడ్డ తూకం అవ్వదే. ఎండిపోయిన బరువు ఎండిపోయింది, దాన్ని ఏ కమాండూ తిరిగి తేలేదు. కానీ పంట వద్దనిపించుకోకుండా ఫ్యాక్టరీది అయింది. ఇకపై అది ఎండితే వాళ్ళ కర్మ.

మేనేజర్ మారాడని ఎవరూ అనుకోవద్దు. తర్వాత ఎల్లారెడ్డి గదిలో తెరను గోడ వైపు తిప్పించి, బల్లకు మేకులు కొట్టించాడు. సిగ్గుపడే మనిషైతే మేకుల దాకా ఎందుకు వస్తుంది?

తూకం పడ్డ కాసేపటికి గుమాస్తా ఫోన్ మళ్ళీ వచ్చింది. ఈసారి మాట్లాడింది అవ్వ. కాటా అయిందని, ఇంటికి పోతున్నానని చెప్పింది.

"అవ్వా, మిషన్‌కు రోగం లేదని తెల్సింది గదా. ఇగ గా కోడిని కొయ్యకు," అన్నాను.

"గట్లెట్ల బిడ్డా? మొక్కినంక ఇయ్యకుంటె తల్లి ఊకుంటదా? ఇస్త." వెనక ట్రాక్టర్ చప్పుడు వినిపిస్తోంది. "మీ మేనేజర్ సారుకు గూడ ఒకటి మొక్కుదామనుకున్న."

"ఆయనకెందుకవ్వా?"

"పానం బాగలేంది గాయనకే గదా బిడ్డా. గని గా రోగానికి కోడి సాలదు, యాటపోతును కొయ్యాలె. నాకు యాట యాడికెళ్ళి వస్తది?"