చింపని టికెట్

ఈ సంగతి ఏడేళ్లుగా మోస్తున్నాను. ఇంతకుముందే ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాక. యాభై ఆరేళ్లు దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఇది నిజమే, కానీ సగం నిజం. చదవడం వచ్చి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో పాటల పుస్తకం చదివాను, బస్సుల మీద ఊళ్ల పేర్లు చదివాను, మాత్రల అట్టల మీద ఉన్నది కూడా కూడబలుక్కుని చదివాను. ఇది మాత్రం రాయలేదు. కాగితం ముందు పెట్టుకుంటే నిద్ర వచ్చేది. భయం నిద్రలాగా కూడా వస్తుందని నాకప్పుడే తెలిసింది.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకయితే చెప్పలేను. పాస్టరుగారికి చెప్పొచ్చు కదా అంటారేమో. ఆయన మంచివాడు. ప్రార్థన చేసి, దేవుడు క్షమించాడు ఇంటికి పోమ్మా అంటాడు. అంత తొందరగా అయిపోతుందనే నా భయం.

మార్కాపురంలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేశాను. మోకాళ్లు పట్టేశాక మానుకుని ఊరికొచ్చాను. అంతకుముందు, చిన్నప్పుడు, అదే మార్కాపురంలో పలకల అంచులు నునుపు చేసే పనికి పోయేదాన్ని. ఎన్ని వేల పలకలు నా చేతుల మీదుగా పోయాయో. ఒక్కదాని మీద కూడా గీత గీయలేదు. గీస్తే మేస్త్రీ ఊరుకోడు.

మా ఊరు బేస్తవారిపేట దగ్గర. మా ఇంటికి రెండిళ్ల అవతల రూతమ్మ ఉంటుంది. కూలి పని చేసుకుంటుంది. మాకు చుట్టరికం లేదు, అయినా వదినా అంటే వదినా అనుకుంటాం. భర్త పోయాక ఆమె తన ఒక్కగానొక్క కూతురు కెజియాను ఆరో తరగతిలో మా హాస్టల్లో చేర్పించింది. ఆ రోజు పిల్ల చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆ పిల్లకు చేతులు పొడుగు. ఆటల సారు చూసి ఫుట్‌బాల్లో గోలు కాసే చోట నిలబెట్టాడు. తెల్లవారి పరుగుకు పోయేముందు రాగి జావ, రెండు గుడ్లు ఇచ్చేదాన్ని. పిల్లకు ఒక గుడ్డే లెక్క. రెండోది నా వంతుది. వేళ్లు వాస్తే ఆముదం వెచ్చచేసి పట్టేదాన్ని. గొప్పకు చెప్పడం లేదు. ఇవన్నీ ఒక రోజు నేను మనసులో వరసగా చెప్పుకున్నాను. నాకు హక్కుందని చెప్పుకోవడానికి వాడుకున్నాను. అందుకే రాస్తున్నాను.

రూతమ్మకు ఈ ఆట గిట్టలేదు. ఎవరో ఫోన్లో ఫోటో చూపించారంట. సెలవులకొచ్చిన కూతుర్ని చర్చి బయట అందరి ముందూ నిలబెట్టి, "నిక్కరేసుకోని మగోళ్ల ముందర ఎగిరేదానికా నిన్ను సదువుకు పంపించింది?" అని తిట్టింది. కెజియా అప్పటినుంచి ఊరికి రావడం తగ్గించింది. తల్లికీ కూతురికీ ఒకటే మొండితనం.

పదో తరగతిలో ఉండగా ఆ పిల్లను రాష్ట్రం జట్టులోకి తీసుకున్నారు. ఆ ఏడు అన్ని రాష్ట్రాల ఆడపిల్లలకు గుంటూరులో పోటీలు పెట్టారు. మన పిల్లలు ఆదివారం జరిగే ఫైనల్‌కు వచ్చారు. ఇక టికెట్ల కోసం ఒకటే గోల. ఒక్క రోజులో అయిపోయాయంట. ఆటల సారు చెవి నుంచి ఫోన్ తియ్యలేదు. ఎవరెవర్నో బతిమాలి తనది కాక నాలుగు తెప్పించాడు. వార్డెనమ్మకొకటి, ఆమె భర్తకొకటి, ఆఫీసు గుమాస్తాకొకటి, గుమాస్తా బామ్మర్దికొకటి. ఆ బామ్మర్ది మా పిల్లలు ఆడుతుంటే ఒక్కరోజు వచ్చి చూసిన పాపాన పోలేదు.

నేను చేతిలో గరిటె కూడా దించకుండా వెళ్లి అడిగాను. "సారూ, నాకొక టికెట్టు దొరకదా?"

"నువ్వు గూడా వచ్చేస్తే ఈడ అన్నమెవురొండుతారమ్మా? మిగిలిన పిల్లోల్లు బంతులు ఉడకేసుకోని తినాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

శుక్రవారం సాయంత్రం ఆయనే పిల్లలున్న క్యాంపుకు పోయొచ్చి ఒక కవరు నా చేతికిచ్చాడు. "కెజియా వాళ్లమ్మకిమ్మన్నాది. ఆడే పిల్లల ఇంటోళ్లకు రెండేసి టికెట్లిచ్చినారు. రేపు ఊరికి పోతుండావు గదా, ఇచ్చెయ్." కవరు అన్నం మెతుకులతో అంటించి ఉంది.

రెండు టికెట్లు. ఒకటి తల్లికి. రెండోది పిల్ల మేనమామకై ఉంటుందనుకున్నాను.

శనివారం ఊరికి పోయాను. రూతమ్మ ఇంటి ముందు కందికట్టె విరుస్తోంది. కవరు నా సంచిలో ఉంది. ఇవ్వడానికే ఆమె ముందు ఆగాను. ఇది నిజం. నిజమనే అనుకుంటున్నాను.

"పిల్లెట్లుంది వదినా?"

"బాగుంది."

ఆమె ఇంకో నాలుగు కట్టెలు విరిచింది. తల ఎత్తకుండానే అడిగింది. "ఆడేదో పెద్ద ఆట ఉండాదంట గదా. ఎప్పుడంట?"

ఆ అడగడంలో ఏముందో నాకు అర్థం కాలేదని ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకున్నాను. అర్థమైంది. కట్టె విరిచే చేతులు ఆగినప్పుడే అర్థమైంది. ఆమెకు పోవాలని ఉంది. ఒక్క మాట పిలిస్తే పోతుంది. అది తెలిసిన మరుక్షణం నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"నాకేం తెలుసు వదినా, సదువు రానిదాన్ని. నాకెవురు చెప్తారు?"

చదువు రానిదాన్ని. బ్యాంకులో, బస్టాండులో, ఆసుపత్రిలో ఎన్నిసార్లు అన్నానో ఆ మాట. ఎవరో ఒకరు ఆ మాట అని నవ్వకముందే నేనే అనేసేదాన్ని. ఆ రోజు దాని చాటున దాక్కున్నాను. ఎవరూ అనుమానించరు. చదువు రాని మనిషికి మోసం కూడా రాదనుకుంటారు.

ఇంట్లోకి పోయి కవరు విప్పాను. పసుప్పచ్చ టికెట్లు రెండు, వాటితోపాటు మడిచిన కాగితం ఒకటి. కాగితం మీద ఏముందో తెలియదు. ఎవరితోనైనా చదివించుకోవచ్చు. చదివిస్తే బయటపడుతుంది. మళ్లీ మడిచి కవర్లోనే పెట్టాను.

ఎందుకు చేశాను? టికెట్ మీద కుర్చీ నంబరుంది. అంకెలు నాకు అప్పటికే వచ్చు. నాకంటూ నంబరు వేసి ఉంచిన కుర్చీ నేనెప్పుడూ ఎరగను. పెళ్లిళ్లలో వడ్డించేదాన్నే, చర్చిలో చాప మీద కూర్చునేదాన్నే. అదొక్కటేనా? సారు నవ్వు కూడా ఉంది. రూతమ్మ ఎట్లాగూ తిట్టేదే కదా, పోయి ఏం చేస్తుందన్న సాకు కూడా ఉంది. తిట్టింది ఆమె, గుడ్డు పెట్టింది నేను. ఆ పిల్ల తలెత్తి చూసినప్పుడు తల్లి చోట నేను కనపడాలి. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, అన్నిటి కింద ఉన్నది ఇదే.

ఆదివారం ఆరాధన ఎగ్గొట్టాను. హాస్టల్‌కు ఫోన్ చేసి చెల్లెలికి బాగాలేదన్నాను, ఊళ్లో హాస్టల్‌కు పోతున్నానని చెప్పాను. కంభంలో రైలెక్కి గుంటూరులో దిగాను. గేటు దగ్గర మనిషి ఒక టికెట్ మూల చింపి చేతికిచ్చి, రెండోదాన్ని చూసి "ఇంకొకరేరీ?" అన్నాడు. "ఎనకాల వస్తుండారు" అన్నాను.

ఆడే పిల్లల ఇంటివాళ్లను కూర్చోబెట్టిన చోటు వేరు, మా హాస్టల్ వాళ్లు కూర్చున్న చోటు వేరు. నా పక్క కుర్చీ ఖాళీ. జనం మెట్ల మీద కూడా కిక్కిరిసి ఉన్నారు. వచ్చినవాళ్లంతా "ఇక్కడెవరైనా ఉన్నారా?" అని అడిగేవాళ్లు. ఉన్నారు, వస్తారు అని చెప్పాను. ఆట అయిపోయేదాకా అట్లాగే చెప్పాను. ఆ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. దొంగిలించినదాన్ని, మళ్లీ కాపలా కాశాను. ఎందుకో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆట మొదలుకాకముందు కెజియా మైదానం చుట్టూ కట్టిన తాడు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పోతుందని ఎంత భయపడ్డానో.

"వచ్చినావా అత్తా! అమ్మేదీ?"

"రాలేదు తల్లీ."

"టికెట్లు అందలేదా?"

"అందినాయి."

"మరేమన్నాది?"

ఇక్కడ కూడా ఒక అవకాశం ఉంది. అమ్మకు ఒంట్లో బాగాలేదని చెప్పి ఉంటే సరిపోయేది. అయినా చర్చి బయట విన్న మాటే తీసి ఇచ్చాను.

"నిక్కరేసుకోని ఎగిరేది చూసేదానికి నేను రానన్నాది."

ఆ పిల్ల చేతి తొడుగు పట్టీ ఊడదీసి, మళ్లీ బిగించుకుంది. "సరేలే. నీకన్నా ఇచ్చింది. సాలు" అంది. వెళ్లిపోయింది.

ఆ రోజు ఆ పిల్ల ఎప్పుడూ ఆడనట్టు ఆడింది. ఎవరి మీదో పగతో ఆడినట్టు ఆడింది. ఆఖర్న మరీ దగ్గర్నుంచి కొట్టిన బంతిని ఎదురొమ్ముతో ఆపి, దాని మీద పడుకుని, కాసేపు లేవలేదు. ఒక్క గోలుతో మనవాళ్లు గెలిచారు. స్టేడియం అంతా లేచి నిలబడింది. నేను ఖాళీ కుర్చీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. నా అబద్ధమే ఆ పిల్లకు కోపం తెప్పించి గెలిపించిందని కూడా తర్వాత కొన్నేళ్లు అనుకున్నాను. మనిషి ఎంతదాకా పోతుందో చూడండి.

మరుసటి వారం కెజియా ఊరికి వస్తుందని తెలిసి నా ప్రాణం పోయింది. తల్లీ కూతురూ ఒక్క మాట అనుకుంటే చాలు, నేను బయటపడతాను. వాళ్లు అనుకోలేదు. రూతమ్మ కోడి కోసి వండింది. పిల్ల తిని, మెడల్ గోడకున్న మేకుకు తగిలించి, వెళ్లిపోయింది. వాళ్ల మొండితనమే నన్ను కాపాడింది.

రెండేళ్లకు ఆ పిల్ల మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది. అంటే రూతమ్మ చూడటానికి ఇంకో ఆట లేదు. ఇప్పుడు కెజియా దూరంగా ఎక్కడో ఉద్యోగం చేస్తోంది. క్రిస్మస్‌కు వచ్చి ఒక పూట ఉంటుంది. ఫోన్లో తిన్నావా అంటే తిన్నా అనుకుంటారు. అంతే. ఒకసారి మెడల్ దుమ్ము దులుపుతూ రూతమ్మ నాతోనే అంది. "ఇది ఇచ్చిపోయినాది గానీ వదినా, ఆటకు రామ్మా అని ఒక్క మాట అనలేదు సూడు. నేనంటే నామోషీ." నేను ఊ కొట్టాను. అవును, ఊ కొట్టాను.

ఊరికొచ్చాక పాస్టరుగారి కోడలు చర్చి వరండాలో మధ్యాహ్నం పూట ఆడవాళ్లకు చదువు చెబుతుంటే చేరాను. వాక్యం చదువుకోవాలని ఉందని అందరితో చెప్పాను. ఆ కవరు పెట్టె అడుగున ఉందని మనసులో ఉంది. ఒకసారి పొయ్యి దాకా తీసుకుపోయి కూడా కాల్చలేకపోయాను. చదవడం వచ్చాక కూడా నెలల తరబడి ముట్టుకోలేదు. పోయిన వారం తీశాను. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"అమ్మా, రెండు టికెట్లు పంపిస్తున్నా. ఒకటి నీకు. ఒకటి అత్తకు. నేనిస్తే మొహమాటపడి వద్దంటుంది, నువ్వే ఇచ్చి వెంటబెట్టుకుని రా. నాలుగేళ్లు తన గుడ్డు నాకే పెట్టింది. తెలియదనుకుంటుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చోండి, నేను గోలు దగ్గర్నుంచి చూస్తా. నిక్కరని తిట్టినా పరవాలేదు. వచ్చి తిట్టు. కెజియా."

నాకిచ్చినదాన్నే నేను దొంగిలించాను. ఏడేళ్లు రూతమ్మ చోట కూర్చున్నాననుకున్నాను. నా చోటు నాకుంది. కాపలా కాసిన ఆ ఖాళీ కుర్చీ ఆమెది. నీకన్నా ఇచ్చింది అని పిల్ల ఎందుకందో ఇప్పుడు తెలిసింది. అప్పుడే చదువు వచ్చి ఉంటే ఇదంతా జరిగేది కాదు అని మీరనొచ్చు. అనకండి. చదువు లేకపోయినా, ఇవ్వమన్నది ఇవ్వడం వస్తుంది.

ఇంతవరకు నిన్న రాశాను. మిగిలింది ఈ రోజు రాస్తున్నాను.

పొద్దున్నే కవరు తీసుకుని రూతమ్మ ఇంటికి వెళ్లాను. కూలికి పోవడానికి సద్ది కట్టుకుంటోంది.

"వదినా, నీకొక ఉత్తరం ఉండాది. ఏడేండ్ల కిందట వచ్చింది. నేనే దాచిపెట్టినా. కూసో, సదువుతా."

"ఓయబ్బో, నువ్వు సదివేదేంది" అని నవ్వబోయింది. నా మొహం చూసి కూర్చుంది.

చదివాను. "వచ్చి తిట్టు" దగ్గర ఆగి, మొదటినుంచి మళ్లీ చదివాను. తర్వాత ఉత్తరంలో లేనిది కూడా చెప్పాను. తాడు దగ్గర పిల్ల ఏమడిగిందో, నేనేం చెప్పానో, మాట మార్చకుండా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఉత్తరం తీసుకుని రవికలో పెట్టుకుంది. కవర్లోంచి టికెట్లు రెండూ తీసి అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒకదానికి మూల లేదు. ఆ చిరిగిన చోటును బొటనవేలితో తడిమి, దాన్ని నా ఒళ్లో పెట్టింది.

"ఇది నీది. పిల్ల నీకే పంపింది" అంది.

చింపనిదాన్ని కొంగున ముడేసుకుంది. బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. సద్ది గిన్నె తీసుకుని పోయి కూలోళ్ల మధ్య ఎక్కి కూర్చుంది. నావైపు చూడలేదు.

నేను కాసేపు ఆ గడప మీదే ఉన్నాను. బరువు అట్లాగే ఉంది. దాచే పని లేదు. ఇంటికొచ్చి, నా టికెట్‌ను పెట్టె అడుగున పెట్టకుండా, పాటల పుస్తకంలో అందరికీ కనపడేటట్టు పెట్టాను.