కనుబొమ లేస్తే ఆపు, బుగ్గ ఉబ్బితే పోనీ

ముందే చెప్పేస్తున్నాను. ఈ ముచ్చట ముగిసేలోగా ఒక తనిఖీ ఇన్‌స్పెక్టరు గారు ఇప్పపువ్వు గంపలో కూలబడతారు. ఒక ముసలమ్మ కాలినడకన బస్సును ఓడిస్తుంది. ఆ బస్సు నడి అడవిలో ఏ కారణమూ లేకుండా పదే పదే ఆగుతుంది. ఇంత ప్రళయానికీ కారణం నా కుడి కనుబొమ. ఎడమదానికి పాపం ఏమీ తెలియదు, అదప్పుడు నిద్రలో ఉంది.

ఎనభైల్లో నేను మణుగూరు నుంచి పినపాక వైపు అడవి ఊళ్లకు తిరిగే బస్సులో కండక్టర్ని. అదీ టెంపరరీ. పర్మనెంటు కాగితం చేతికి రావడానికి ఇంకా పన్నెండు రోజులుందనగా, ఒక పొద్దున పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ పక్క నుంచి కారి బనీను తడిసిపోయింది. అద్దంలో చూసుకుంటే సగం ముఖమే నాది. మిగతా సగం పెళ్లిలో మర్యాద తక్కువై అలిగిన మేనమామది. ఎడమ కన్ను మూతపడదు, ఎడమ బుగ్గ కదలదు, నవ్వబోతే మూతి మొత్తం కుడిచెవి వైపు పరుగెడుతుంది.

నా భార్య సుగుణ టీ గ్లాసుతో వచ్చి పకపకా నవ్వింది.

"ఏందయ్యా, పొద్దుపొద్దుగాల్నే ఈ కోతి చేష్టలు?"

"చేష్టలు కాదే. ముఖం గిట్లనే ఉండిపోయింది!"

గ్లాసు అక్కడే పెట్టేసి ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు చూసి నాకూ ఏడుపొచ్చింది గానీ, నా ఏడుపు నవ్వులా ఉందని ఆమె మళ్లీ నవ్వింది.

భద్రాచలంలో దవాఖానాకు పరుగెత్తాం. డాక్టరు చూసి, ముఖం నరం వాచిందని, భయం లేదని మాత్రలు రాసి, ఫిజియోథెరపీ మేడం దగ్గరికి పంపాడు. ఆమె నా ముందు ఒక అద్దం పెట్టింది.

"గిందులో చూసుకుంట చెయ్యాలె. కనుబొమ లేపు. కండ్లు మెల్లగ మూయి. బుగ్గలు ఉబ్బించు. మూతి సున్నా లెక్క చుట్టు. రాని దిక్కుకు వేలుతోని సాయం చెయ్యి. ముందుగాల వెచ్చటి బట్టతోని కాపుకో. ఒక్కోటి ఐదుసార్లు, రోజుకు మూడు పూటలు. అంతే."

"ఐదేనా మేడం? వంద చేస్తే జల్దీ తగ్గుతది కదా?"

"తగ్గదు. నరాన్ని తొందరపెడితే దారి తప్పుతది. రేపు నువ్వు నవ్వినప్పుడల్లా కన్ను మూతపడ్తది. అద్దం లేకుండ మాత్రం చెయ్యకు, తెలిసిందా?"

"అవ్ మేడం."

తెలిసింది అద్దం సంగతి ఒక్కటే. ఐదు అన్న అంకె దవాఖానా గేటు దగ్గరే జారిపోయింది.

ఇక అసలు చిక్కు. కండక్టరు ప్రాణమంతా విజిల్‌లో ఉంటుంది. ఒకసారి ఊదితే ఆపు, రెండుసార్లు ఊదితే పోనీ. నేను ఊదితే గాలంతా మూతి మూల నుంచి తుస్సుమంటోంది. విజిలూదలేని వాణ్ని డిపోలో ఎవరు పర్మనెంటు చేస్తారు? సెలవడిగితే ఎందుకంటారు, నిజం చెబితే ఇంటికి పొమ్మంటారు. ఈ భయంతో చెవుల చుట్టూ మఫ్లరు బిగించి, అడిగినవాళ్లకల్లా పంటి నొప్పని చెప్పి డ్యూటీ ఎక్కాను.

నిజం చెప్పింది డ్రైవరు ఎల్లయ్యన్నకు ఒక్కడికే. ఆయన రూలంటే రూలు. ఎదురుగా ఒక్క బండీ లేని అడవి దారిలో కూడా చెయ్యి బయటపెట్టి సిగ్నలిచ్చే మనిషి.

"విజిల్ లేకుంటే నాకెట్ల తెల్వాలె తమ్మీ? అరిస్తే ఇంజను మోతల ఇనబడదు. తలుపు మీద కొడదామంటే జనంల నీ చెయ్యి అందది."

"నీ నెత్తి మీద అద్దముంది కదనే అన్నా. అండ్ల నా మొఖం కనబడ్తది. కుడి కనుబొమ లేపితే ఆపు. కుడి బుగ్గ ఉబ్బిస్తే పోనీ."

"గట్లనే. లేస్తే ఆపుడే, ఉబ్బితే పోనిచ్చుడే. మళ్ల నన్ను అనొద్దు."

రెండు రోజులు ఈ ఏర్పాటు బ్రహ్మాండంగా నడిచింది. మూడోరోజు నాకు లెక్కలు పుట్టాయి. పర్మనెంటు కాగితం వచ్చేలోగా ముఖం తిరిగి రావాలంటే రోజుకు రెండొందలసార్లు చెయ్యాలి కదా? మధ్యాహ్నం ట్రిప్పులో జనం పల్చగా ఉన్నారు. కావలసింది అద్దం. బస్సులో ఉన్న అద్దం ఒక్కటే. ఆ అద్దం ఎవరిదో, అందులో నన్ను ఎవరు చూస్తున్నారో అన్న చిన్న విషయం నా పెద్ద బుర్రకు తట్టలేదు!

కనుబొమ లేపాను. కీచుమంటూ బస్సు ఆగింది. చుట్టూ టేకు చెట్లు.

"దిగేటోళ్లెవరు?" అన్నాడు ఎల్లయ్యన్న.

"ఎవ్వల్లేరు. ఎందుకాపినవే?"

"నీ కనుబొమ లేసింది."

"అది వ్యాయామమన్నా!"

"నువ్వు వ్యాయామం చేస్తున్నవో, మనిషి దిగుతున్నడో నాకెట్ల ఎరుక? లేస్తే ఆపుడే."

సరే, కనుబొమ మానేసి బుగ్గ మీద పడ్డాను. ఈలోగా ఒక ఊరొచ్చింది. ఒక ముసలమ్మ దిగింది. వెనక్కి తిరిగి తన గంప అందుకోబోతుండగా నా బుగ్గ ఉబ్బింది. బస్సు కదిలింది. ముసలమ్మ కింద, ఇప్పపువ్వు గంప పైన. నేను అది కూడా చూడలేదు, అద్దంలో నా అందం చూసుకుంటున్నాను.

అలవాటు ఊరుకుంటుందా? కనుబొమ మళ్లీ లేచింది, బస్సు మళ్లీ ఆగింది. ఇంకో ఫర్లాంగు పోయాక మళ్లీ. ఆ మూడోసారి ఆగినచోట, చెట్టు చాటున ఒక తెల్లచొక్కా మనిషి నిలబడి ఉన్నాడు. తనిఖీ ఇన్‌స్పెక్టరు! ఆయన చెయ్యెత్తలేదు, కేకెయ్యలేదు. బస్సు తనంతట తానే వెళ్లి ఆయన కాళ్ల ముందు ఆగింది.

"నేనిక్కడ దాక్కున్నట్టు మీకెవరు చెప్పిండ్రు?" అంటూ ఎక్కాడు.

గబగబా మఫ్లరు ఇంకాస్త బిగించాను. ఆ కంగారులో బుగ్గ ఉబ్బింది, బస్సు కదిలింది. చెమట తుడుచుకుంటూ కనుబొమ లేపాను, ఆగింది. ఇన్‌స్పెక్టరు నన్ను చూశాడు, అద్దాన్ని చూశాడు, అందులో ఎల్లయ్యన్న కళ్లను చూశాడు.

"ఓహో! సైగలా? టికెట్లు కొయ్యకుండ ఇద్దరూ కలిసి నడుపుతున్న దందానా ఇది?"

"దందా కాదు సార్. మూతి వంకర సార్!" మఫ్లరు లాగేసి నిజం మొత్తం కక్కేశాను.

"నేను నమ్మ. ఆ వ్యాయామమేందో నా ముందట చేసి చూపెట్టు. ఏయ్ డ్రైవర్, నువ్వు పోనీ!"

బస్సు జోరందుకుంది. ఇన్‌స్పెక్టరు నడిమధ్య నిలబడి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. నా ఉద్యోగమంతా ఆ క్షణం నా కుడి కనుబొమ మీద ఉంది. లేపాను. ఎల్లయ్యన్న బ్రేకు మీద నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు నాలుగడుగులు ముందుకు పరుగెత్తి కడ్డీ పట్టుకున్నాడు. భయంతో నా బుగ్గ ఉబ్బింది. బస్సు ఎగిరి దూకింది. ఇన్‌స్పెక్టరు వెనక్కి వెనక్కి వచ్చి, ముసలమ్మ గంపలో నిండుగా కూర్చున్నాడు. అది చూసి నా కనుబొమ నన్నడగకుండానే నెత్తికెక్కింది. బస్సు ఆగింది.

అప్పుడు తలుపు దగ్గర రొప్పుతున్న ఒక గొంతు వినిపించింది. మేం ఆగిన ప్రతిసారీ కాస్త దగ్గరవుతూ, మొత్తానికి ముసలమ్మ నడిచొచ్చి మమ్మల్ని పట్టేసింది.

"ఓ దొరా! నా పువ్వు మీదికెల్లి లే! తాపతాపకు ఆగే బస్సుల నీకు కూసునేతందుకు నా గంపే దొరికిందా?"

ఇన్‌స్పెక్టరు లేచాడు. వెనకంతా దులుపుకున్నాడు. "రేపు డిపోకు రాండ్రి, ఇద్దరూ" అన్నాడు. అంతే.

మర్నాడు మేనేజరు ముందు నేను తల వంచుకుని నిలబడ్డాను. ఎల్లయ్యన్న మాత్రం గుండీలన్నీ పెట్టుకుని నిటారుగా ఉన్నాడు. మేనేజరు రిపోర్టు చదివి నావైపు చూశాడు.

"మూతి వంకరైతే నౌకరి తీసేస్తమని నీకెవరు చెప్పిండ్రయ్యా? అడిగితే సెలవిద్దుము కదా! తగ్గేదాక ఆఫీసుల కాగితాలు చూసుకో. విజిల్ ముట్టకు. నీ పర్మనెంటుకు ఢోకా లేదు."

ఈసారి నిజంగానే ఏడ్చేశాను. అది ఏడుపని నేనే చెప్పాల్సి వచ్చింది. మేనేజరు కాగితం తిప్పి రెండో పేరా చదివాడు. 'డ్రైవరు ఎల్లయ్య, తనిఖీ అధికారి పడిపోయినా సరే, కండక్టరు సంకేతాన్ని ఒక్కసారి కూడా ఉల్లంఘించలేదు. ఇంతటి క్రమశిక్షణ నా సర్వీసులో చూడలేదు. ప్రశంసాపత్రానికి సిఫారసు చేస్తున్నాను.'

చేశారండీ! ఇచ్చారు కూడా! వంకరైంది నా మూతి, పత్రం ఆయనకు. దాన్ని ఫ్రేము కట్టించుకుని, నేను కనపడ్డప్పుడల్లా "అంత నీ కనుబొమ దయనే తమ్మీ" అనేవాడు.

పూటకు ఐదుసార్లు, మెల్లగా, ఇంట్లో సుగుణ పట్టుకున్న అద్దం ముందు చేస్తే రెండు నెలల్లో ముఖం ముఖంలా అయింది. కనుక, తిరిగొచ్చిన ఈ మూతి సాక్షిగా మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట వైద్యులు ఐదంటే ఐదే. ఎప్పుడైనా ఆరోసారి చెయ్యాలని మహా దురద పుడితే, నేను కూర్చున్న బండి ఇంజను ఆపి ఉందో లేదో దిగి చూసుకున్నాకే చేస్తాను.