తిరిగి రాని యోయో

ఇవాళ ఉదయం అల్ మన్సూరాలో, అక్క వాళ్ళ హాల్లో ఉన్నవాళ్ళు: అక్క, బావ, నేను. ఉన్నవి: కట్టేసిన అట్టపెట్టెలు, కట్టాల్సిన అట్టపెట్టెలు, గోడ నుంచి దించిన గడియారం, ఒక కుట్టుసామాన్ల డబ్బా. వాళ్ళు కాస్త పెద్ద ఫ్లాటుకి మారుతున్నారు. కత్తెర కోసం డబ్బా తెరిస్తే కత్తెర లేదు, నీలం రంగు అల్యూమినియం యోయో ఉంది. అక్క దాన్ని తీసుకుని, కుడి మణికట్టు ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అలా తిప్పి చూసుకోవడం నాకు బాగా గుర్తు.

ఫుట్‌బాల్ ప్రపంచకప్పు కోసం ఈ గల్ఫ్ ఊరంతా తవ్వుతున్న రోజులవి. నిన్న నడిచిన దారి ఇవాళ ఉండేది కాదు. బావ మెట్రో పనుల్లోను, నేను ఒక స్టేడియం గాజు పలకల తనిఖీలోను ఉండేవాళ్ళం కాబట్టి ఆ తవ్వకాల్లో మా కుటుంబానికీ వాటా ఉంది. అలాంటి ఒక గుంత పక్కన ప్లాస్టిక్ అడ్డు కాలికి తగిలి అక్క పడింది. కుడి మణికట్టు విరిగింది. అక్క పళ్ళ డాక్టరు.

కట్టు విప్పాక రబ్బరు బంతి నొక్కమన్నారు. అక్కకి బంతి అంటే విసుగు. చిన్నప్పుడు కాకినాడలో ఆమెకో ఎర్ర ప్లాస్టిక్ యోయో ఉండేది. వీధిలో దాన్ని ఆమెలా ఆడించినవాళ్ళు లేరు. నాకు ఇచ్చేది కూడా కాదు. అది గుర్తొచ్చి అడిగితే, నొప్పి లేకుండా ఆడుకోమన్నారు. బావ వెళ్ళి కొట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే ఖరీదైనది తెచ్చాడు. ఖరీదైతే మంచిదని ఆయన నమ్మకం, ఇప్పటికీ పోలేదు.

అక్క వేస్తే అది చక్కగా దిగేది. దారం చివర ఫ్యాన్‌లా చాలాసేపు తిరిగేది. ఎంత లాగినా పైకి మాత్రం రాదు. చివరికి ఆగిపోయి వేలాడేది. ఎడమ చేత్తో వేసినా అంతే, కానీ ఎడమ చేతికి అలవాటు లేదని తనే తీర్పు చెప్పేసుకుంది. ఎముక బాగా అతికిందని డాక్టరు చెప్పినా వినలేదు.

"ఎముక ఆయనకి కనిపిస్తుంది. పట్టు నాకు తెలుస్తుంది. ఇది తిరిగొస్తే డ్యూటీలో చేరతాను, లేకపోతే రాజీనామా. మాట వినని చెయ్యి ఇంకొకళ్ళ నోట్లో పెట్టకూడదు" అంది. క్లినిక్ వాళ్ళు ఆదివారంలోగా ఏ సంగతో చెప్పమన్నారు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఒంట్లో బాగాలేనివాళ్ళ గ్లాసు, తువ్వాలు, మందులు ఎవరూ ముట్టుకోరు. యోయో కూడా ఆ లెక్కలోకి చేరిపోయింది. ఆమె వేస్తుంటే బావ, నేను గోడ వైపు చూసేవాళ్ళం.

శుక్రవారం భోజనానికి బావ కంపెనీ డ్రైవరు వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, నేను అన్నా అని పిలుస్తాను. పన్ను పీకించుకోవాల్సి ఉండీ, అక్క చేతే తీయించుకోవాలని బుగ్గ పట్టుకుని తిరుగుతున్నవాడు. మా ఇంటి పద్ధతి ఆయనకి తెలియదు.

"ఏందిది డాక్టరక్కా, బొంగరమా?" అంటూ తీసుకుని, బొంగరం విసిరినట్టే విసిరాడు. అది దిగింది, తిరిగింది. లాగాడు. మళ్ళీ లాగాడు.

"పోతది గని వాపస్ వస్తలేదు. కంపెనీకిచ్చిన పాస్‌పోర్ట్ లెక్కనే ఉన్నది."

బావ నవ్వాడు. అక్క నవ్వలేదు. "నీకూ రాలేదా?" అని నెమ్మదిగా అడిగి, బావ వైపు తిరిగింది. "మీరు వెయ్యండి."

బావకి రాలేదు. నాకూ రాలేదు. ఇన్నాళ్ళూ అందరం అక్క చేతినే చూశాం, చేతిలో ఉన్నదాన్ని ఎవరం చూడలేదు.

సైటు సంచిలోంచి సన్నటి సందులు కొలిచే వెర్నియర్ తీశాను. యోయో రెండు సగాల మధ్య ఖాళీ 4.4 మిల్లీమీటర్లు. లోపల బేరింగు, దాని చుట్టూ దారం. ఒక్కో సగం లోపలి ముఖాన మెత్తటి సిలికాన్ వలయం ఒకటి ఉంటుంది. దారం ఆ వలయాలకి రాసుకుంటేనే వాటికి పట్టు దొరికి, యోయో దారాన్ని చుట్టుకుంటూ పైకి వస్తుంది. ఖాళీ ఇంత వెడల్పుగా, వలయాలు ఇంత పల్చగా ఉంటే దారం దేనికీ తగలదు. అది విన్యాసాలు చేసేవాళ్ళ రకం. తిరిగి రావాలంటే దారాన్ని మడిచి ఆ సందులోకి పంపే కిటుకు నేర్చుకోవాలి. కాకినాడ యోయోలో సందు సన్నం. ఊరికే లాగితే వచ్చేది.

"ఒరేయ్, నా కోసం కల్పించి చెప్పట్లేదు కదా?" అంది అక్క.

"వెర్నియర్‌కి నీ మీద జాలేమీ లేదక్కా."

ఆమె సోఫాలో కూలబడి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. డ్రైవరన్న తన బుగ్గ తడుముకుని, "గట్లయితే ఇగ నా పన్ను పోయినట్టే" అన్నాడు.

గాజు పలకల సందుల్లో నింపే సిలికాన్ ట్యూబు సగం వాడింది నా దగ్గరుంది. పాత వలయాలు పీకేసి, అవి కూర్చున్న గాడుల్లో సిలికాన్ కాస్త ఉబ్బెత్తుగా నింపి ఆరబెట్టాను. మర్నాడు కొలిస్తే వలయాల మధ్య 2.8. అక్క వేసింది. కిందికి దిగి, ఒక్క లాగుకి ఎగిరి ఆమె అరచేతిలో చట్‌మని పడింది. ఆమె అరచేయి చూసుకుని, లేచి, బావని అడిగింది: "నా తెల్లకోటు ఇస్త్రీలో ఉందా?" ఇస్త్రీలో లేదు. బావే చేశాడు, అవసరమైనదానికంటే చాలా ఎక్కువసేపు.

ఆదివారం అక్క డ్యూటీలో చేరింది. ఆ వారంలోనే డ్రైవరన్న పన్ను కూడా పోయింది.

ఇవాళ అట్టపెట్టెల మధ్య నిలబడి అక్క మళ్ళీ వేసింది. తిరిగొచ్చింది, కాకపోతే కొంచెం బద్ధకంగా, రెండో లాగుకి. వెర్నియర్ నా సంచిలోనే ఉంది, కొలిచాను. ఊరు మారింది, మేము మారాం, అదంతా ఎంతో నేను చెప్పలేను. సిలికాన్ అరిగినది మాత్రం చెప్పగలను. సున్నా పాయింట్ మూడు మిల్లీమీటర్లు.