విరవని బిళ్ళ

మొన్న ఆదివారం పొద్దున్నే పక్కింటి తాత కూతురు కంచె దగ్గరికొచ్చి చెప్పింది: "నాన్న లేడు, డాక్టర్. నిద్రలోనే పోయాడు." నాకు ముందు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఆయన నన్ను అడిగింది ఒకే ఒక్క పని. ఏడాదిగా రేపు, రేపు అంటూ నెట్టుకొచ్చాను.

ఆంధ్ర నుంచి ఆసుపత్రి ఉద్యోగానికి డర్బన్ వచ్చి రెడ్‌హిల్‌లో ఇల్లు తీసుకున్నప్పుడు, మొదట పలకరించింది తాతే. చేతికర్రతో మామిడిచెట్టు మీది కోతుల్ని "హంబా! హంబా!" అని జులూలో తరుముతూ, నన్ను చూసి "మీది ఏ ఊరు అమ్మా?" అన్నాడు. ఆయన తెలుగు, చెరకు తోటల కూలికి ఓడెక్కి వచ్చిన వాళ్ళ నానమ్మ నోటి నుంచి వచ్చింది. అక్కడక్కడా అరిగిపోయినా తిట్లు మాత్రం చెక్కుచెదరలేదు.

తన వస్తువులన్నింటి మీదా పేరు రాసుకునేవాడు. చేతికర్ర మీద, చొక్కా కాలరు లోపల, చివరికి టీ కప్పు అడుగున కూడా. "ఎవరెత్తుకుపోతారు తాతా ఈ పాత కప్పుని?" అని ఆటపట్టించేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

ఒక సాయంత్రం రేకు డబ్బాలోంచి ఒక బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. వయసులో ఉండగా ఇక్కడి సైన్యంతో రెండో ప్రపంచ యుద్ధానికి, ఉత్తరాన ఎడారికి వెళ్ళాడట. "తెల్లోళ్ళకి తుపాకీ, మాకు స్ట్రెచర్," అన్నాడు. అక్కడ ఒక జర్మన్ కుర్రవాణ్ణి ఇసుకలో పూడ్చాడు. వాడి మెడలోని గుర్తింపు బిళ్ళ మీద దళం పేరూ ఒక నంబరూ ఉన్నాయి. దాన్ని మధ్యకి విరిచి, సగం శవంతో ఉంచి, నంబరును బట్టి పేరు తేల్చడానికి సగం పైవాళ్ళకు ఇవ్వాలి. తాతకు ఎవరూ చెప్పలేదు. మొత్తం తెచ్చేశాడు. తెలిశాక ఇవ్వడానికి భయం, శవం మీద దోచుకున్నాడంటారని.

"వాడికి పేరు లేకుండా చేసినాను, అమ్మా. చచ్చినోడికి తొందర లేదు. ఎదురుచూసేటోళ్ళకి ఉంది."

తెల్లోళ్ళ పాలన పోయి, మొదటి ఓటు వేసి వచ్చిన రోజు ధైర్యం వచ్చిందట. ఆ కుర్రవాడి దళం ఉన్న జర్మన్ పదాతి డివిజన్ యుద్ధచరిత్రను పాత పుస్తకాల కొట్లో సంపాదించి మూడుసార్లు చదివాడు. ఇక జర్మనీలో, యుద్ధంలో పోయినవాళ్ళ వివరాలు చూసే ఆఫీసుకి ఉత్తరం రాయాలి. "నా మాట ఎవరు నమ్మేది? డాక్టరమ్మ సంతకం ఉంటే నమ్ముతారు." ఓటొచ్చినా ఆ పాత భయం పోలేదు పాపం. నేనేమో పెద్ద తెలిసినదానిలా, "ముందు ఆ చరిత్రంతా నేనూ చదవాలి తాతా, తప్పు దొర్లకూడదు," అన్నాను. పుస్తకం తెచ్చి ఇచ్చాడు. నా మంచం పక్కన అది ఏడాదిపాటు దుమ్ము కొట్టుకుపోయింది.

ప్రతి ఆదివారం కంచె మీదుగా కరివేపాకు అందిస్తూ అడిగేవాడు: "పుస్తకం తెరిచినావా, డాక్టరమ్మా?"

"రేపు తాతా."

"సరే, సరే. నీకు పని ఉంటది కదా."

తిట్లలో అంత దిట్ట, నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

దహనం అయ్యాక ఇంటికొచ్చి పుస్తకం తెరిచాను. ఆ డివిజన్ ఎక్కడెక్కడ నడిచిందో, ఏ గుట్ట పట్టుకుందో అన్నీ ఉన్నాయి. తాత చెప్పిన రోజు గురించి మాత్రం, నష్టం స్వల్పమని ఒక్క ముక్క. పక్కన పెన్సిలుతో తాత ఇంగ్లీషులో రాసుకున్నాడు: ఒక కుర్రవాడు. అక్కడే మడతపెట్టిన కాగితం ఉంది. ఉత్తరం ఆయనే రాసేశాడు. చోటు, రోజు, బిళ్ళ మీది నంబరు, ఆలస్యానికి క్షమాపణ, అన్నీ ఉన్నాయి. కింద సంతకానికి ఖాళీ వదిలాడు. నాకోసం. ఏడాదిగా అది నా తలగడ పక్కనే ఉంది. ఒక్క నిమిషం పని!

అప్పుడొచ్చింది ఏడుపు.

కూతుర్ని అడిగి రేకు డబ్బాలోని బిళ్ళనీ, ఆయన టీ కప్పునీ తెచ్చుకున్నాను. కప్పు బోర్లించి, అడుగున ఉన్న వంకర అక్షరాలు చూస్తూ, ఆ ఖాళీలో ఆయన పేరే రాశాను. నా పేరు దాని కింద, సాక్షిగా. బిళ్ళతో సహా ఉత్తరం వెళ్ళిపోయింది. కప్పు మాత్రం ఇంకా నా బల్ల మీద బోర్లించే ఉంది.